పుట్టినతేదీ ఒకరోజు వెనక్కి పడుతోంది (జావాస్క్రిప్ట్ + పీహెచ్‌పీ + మైఎస్‌క్యూఎల్)

కృష్ణలంక కుర్రాడు | 3 నవంబర్ 2025, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మా ఊళ్లో ఒక చిన్న ఆస్పత్రికి రిజిస్ట్రేషన్ పేజీ నేనే రాసిచ్చాను. పేషెంట్ పేరు, ఫోను, పుట్టినతేదీ తీసుకుని ఓపీ చీటీ ప్రింట్ చేస్తుంది. మూడు నెలలుగా బాగానే నడుస్తోంది అనుకున్నాను. మొన్న శనివారం ఒక పెద్దావిడ కౌంటర్ దగ్గరికి వచ్చి చీటీని, ఆధార్ కార్డునీ పక్కపక్కన పెట్టి చూపించారట. కార్డులో 15-08-1961, మా చీటీలో 14-08-1961. ఆ ఒక్కరోజు తేడాతో ఆవిడ ఇన్సూరెన్స్ క్లెయిమ్ వెనక్కి వచ్చింది. దానికోసం ఆవిడ రెండుసార్లు బస్సెక్కి తిరిగారు.

డేటాబేస్ తెరిచి చూస్తే ఆవిడ ఒక్కరే కాదు, చాలామంది తేదీలు ఒకరోజు వెనక్కి ఉన్నాయి. కొన్ని మాత్రం సరిగ్గా ఉన్నాయి. అవెందుకు సరిగ్గా ఉన్నాయో కూడా అంతుబట్టట్లేదు. పేజీలో క్యాలెండర్ మీద నొక్కితే 15 అనే పడుతోంది, సేవ్ అయ్యాక 14. రెండు రాత్రులుగా దీనితోనే ఉన్నాను. ఎక్కడ మొదలుపెట్టి వెతకమంటారు?

విశాఖ టెస్టర్ | ఉదయం 9:25

బ్రౌజర్ నుంచి సర్వర్‌కి ఏం వెళ్తోందో చూడండి. టేబుల్లో ఆ కాలమ్ రకం ఏంటో చెప్పండి. తప్పు పడ్డ వరుస ఒకటి, సరిగ్గా ఉన్న వరుస ఒకటి, పేరూ ఫోనూ తీసేసి ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. చీటీ మీద ప్రింట్ అయింది కాదు, టేబుల్లో ఉన్నది.

కృష్ణలంక కుర్రాడు | ఉదయం 9:50

కాలమ్ డేట్‌టైమ్ (తేదీతో పాటు గంటలూ దాచే రకం). క్యాలెండర్ పికర్ నాకు ఒక డేట్ ఆబ్జెక్ట్ ఇస్తుంది. దాన్ని టు-ఐఎస్ఓ-స్ట్రింగ్‌తో మార్చి పంపుతున్నాను. పీహెచ్‌పీలో మధ్యలో ఉన్న టీ అక్షరాన్నీ, చివర ఉన్న జెడ్‌నీ తీసేసి కాలమ్‌లో పెడుతున్నాను. చీటీ మీద మొదటి పది అక్షరాలే వేస్తాను.

తప్పు వరుస: 1961-08-14 18:30:00
సరైన వరుస: 1975-03-03 00:00:00

ఓరుగల్లు అక్క | ఉదయం 10:20

18:30 కనపడగానే సగం జవాబు దొరికింది తమ్ముడూ. మన టైము యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి పెట్టుకునే ఒకే టైము) కంటే ఐదున్నర గంటలు ముందు. ఇక్కడ అర్ధరాత్రి పన్నెండు కొట్టేసరికి యూటీసీలో ముందురోజు సాయంత్రం 18:30.

జరిగింది ఇది. 15 మీద నొక్కగానే పికర్ "15 ఆగస్టు 1961, రాత్రి 12 గంటలు, ఇక్కడి టైము" అని ఒక డేట్ ఆబ్జెక్ట్ తయారుచేసింది. నువ్వు టు-ఐఎస్ఓ-స్ట్రింగ్ పిలిచావు. అది ఎప్పుడూ యూటీసీలోనే రాస్తుంది. ఇక్కడి అర్ధరాత్రి అక్కడ 14వ తేదీ 18:30 అయింది. అది యూటీసీ అని చెప్పే ఒకే ఒక్క గుర్తు చివర ఉన్న జెడ్. దాన్ని నువ్వే చెరిపేశావు. ఆ తర్వాత మొదటి పది అక్షరాలు కోస్తే 14 కాక ఇంకేం వస్తుంది?

జావాస్క్రిప్ట్‌లో డేట్ అనేది పేరుకే డేట్. దాని లోపల ఉన్నది ఒకే ఒక్క అంకె: 1970 జనవరి 1, యూటీసీ అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆ లెక్క. అంటే అది ఒక క్షణం. పుట్టినతేదీ క్షణం కాదు, కార్డు మీద రాసుకునే మూడు అంకెలు. ఎల్లుండి కార్తీక పౌర్ణమి కదా, దాంతోనే చెప్తాను. చంద్రుడు నిండే ఘడియ భూమి మొత్తానికీ ఒక్కటే. 5వ తేదీ మన గడియారంలో సాయంత్రం 6:49 అయితే, అదే ఘడియకి డాలస్‌లో ఉదయం 7:19. అది క్షణం. ఊరు మారితే గడియారంలో కనపడే అంకె మారాలి, మారితేనే సరి. మీ పెద్దావిడ పుట్టినరోజు అలా కాదు. ఆవిడ డాలస్ వెళ్లినా, టోక్యో వెళ్లినా ఆగస్టు 15నే. దాన్ని ఏ టైమ్ జోన్‌లోకీ మార్చకూడదు. మార్చే అవకాశమే ఇవ్వకూడదు.

ఇప్పుడు చేయాల్సింది. ఆ డేట్ ఆబ్జెక్ట్ నుంచి గెట్-ఫుల్-ఇయర్, గెట్-మంత్, గెట్-డేట్ తీసుకో. ఈ మూడూ ఇక్కడి టైము ప్రకారమే ఇస్తాయి. నెలకి ఒకటి కలుపు, జనవరి సున్నాతో మొదలవుతుంది కాబట్టి. సంవత్సరం-నెల-రోజు అని మాటగా (స్ట్రింగ్‌గా) కట్టి పంపు. లేదంటే ఆ పికర్ తీసేసి బ్రౌజర్ సొంత ఇన్‌పుట్ టైప్ డేట్ వాడు. తెర మీద ఏ వరసలో చూపించినా దాని వాల్యూ ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు వరసలోనే మాటగా వస్తుంది, గంటల గొడవ లేదు. కాలమ్‌ని డేట్ రకానికి మార్చెయ్.

కృష్ణలంక కుర్రాడు | ఉదయం 10:41

అక్కా, మూడు నెలల్లో ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. ఒక అనుమానం. సేవ్ అయిన తేదీని మళ్లీ పేజీలో చూపించేటప్పుడు ఆ మాటని న్యూ డేట్‌లో పెట్టి చూపిస్తున్నాను. అది ఫర్వాలేదా?

ఓరుగల్లు అక్క | ఉదయం 11:02

అదీ గొయ్యే, కాకపోతే మన దేశంలో కూర్చుంటే కనపడదు. "1961-08-15" అని తేదీ ఒక్కటే ఇస్తే న్యూ డేట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మనకి అది 15 ఉదయం 5:30, కాబట్టి 15 అనే చూపిస్తుంది. అదే పేజీ అమెరికాలో తెరిస్తే 14 సాయంత్రం అవుతుంది. అదే మాటకి టీ పెట్టి గంటలు కూడా జోడించి, జోన్ చెప్పకుండా వదిలేస్తే, ఈసారి యూటీసీ కాదు, చూసేవాడి ఊరి టైముగా తీసుకుంటుంది. రూల్ అంతే, గుర్తుపెట్టుకోవాల్సిందే. హైఫన్ల బదులు అడ్డగీతలు (/) పెడితే ఎలా చదవాలో ప్రమాణంలో రాసే లేదు, బ్రౌజర్ ఇష్టం. మైఎస్‌క్యూఎల్ ఇచ్చే "తేదీ, ఖాళీ, గంటలు" మాటని నేరుగా పెడితే పాత ఐఫోన్లలో ఇన్‌వాలిడ్ డేట్ అని వచ్చేది.

చూపించడానికి డేట్ ఆబ్జెక్ట్ తప్పదనుకుంటే, ఫార్మాట్ చేసేటప్పుడు టైమ్‌జోన్ యూటీసీ అని స్పష్టంగా ఇవ్వు. చదివింది ఏ జోన్‌లోనో రాసేదీ అదే జోన్‌లో ఉండాలి.

గోదారి గట్టు | ఉదయం 11:30

ముందు పాత డేటా సంగతి చూద్దాం. నేనైతే మైఎస్‌క్యూఎల్‌లోనే కన్వర్ట్-టీజెడ్‌తో (టైమ్ జోన్ మార్చే ఫంక్షన్) సున్నా నుంచి ప్లస్ 5:30కి మార్చేస్తాను, ఒక్క లైను. 00:00 ఉన్న వరుసలకి ఐదున్నర కలిసినా అదే రోజు ఉదయం 5:30 అవుతుంది, తేదీ మారదు. కాబట్టి అన్నిటికీ ఒకేసారి కొట్టెయ్యచ్చు.

ఓరుగల్లు అక్క | ఉదయం 11:34

అసలు కాలమ్ మీద మాత్రం కొట్టొద్దు. కొత్త డేట్ కాలమ్ పెట్టి అందులో రాయి. పాతది అలాగే ఉంచు. అది పోతే ఏ వరుస ఎలా వచ్చిందో చెప్పే సాక్ష్యం పోతుంది.

విశాఖ టెస్టర్ | ఉదయం 11:52

ఏదీ కొట్టేముందు ఒక పని చేయండి. ఆ కాలమ్‌లో టైము భాగాన్ని మాత్రం తీసి, గ్రూప్ చేసి, ఏ టైముకి ఎన్ని వరుసలున్నాయో లెక్క చూడండి. అంతా 18:30, 00:00 మాత్రమే అయితే సంతోషం. మూడోది ఏదైనా ఉంటే దాని కథ తెలియకుండా ముందుకి వెళ్లొద్దు.

ఇంకోటి. సరైనవని మీరు కార్డుతో పోల్చి చూసిన వరుసలు ఎన్ని? ఏవి?

కృష్ణలంక కుర్రాడు | మధ్యాహ్నం 1:40

లెక్క ఇదిగో:

18:30 – 2,140
00:00 – 312
17:30 – 7
14:00 – 2
05:00 – 1

కార్డుతో పోల్చి సరైనవని తేల్చుకున్నవి రెండే. 1975-03-03, 1988-07-07.

గోదారి గట్టు గారూ, మీరు చెప్పిన కన్వర్ట్-టీజెడ్ కాపీ టేబుల్ మీద వేసి చూశాను. 1970 తర్వాత పుట్టినవాళ్లకి మారింది. అంతకుముందు పుట్టినవాళ్లకి ఏం మారలేదు! ఎర్రర్ కూడా ఇవ్వలేదు. పెద్దావిడ తేదీ అలాగే 14 మీదే ఉంది.

గోదారి గట్టు | మధ్యాహ్నం 2:05

నా తప్పు, క్షమించండి. మాన్యువల్ తీసి చదివాను. కన్వర్ట్-టీజెడ్ టైమ్‌స్టాంప్ రకం పరిధిలోనే పనిచేస్తుంది, ఆ పరిధి 1970తో మొదలవుతుంది. బయట ఉన్న విలువని చడీచప్పుడు లేకుండా అలాగే తిరిగి ఇస్తుంది. నా పనిలో అన్నీ ఆర్డర్ల తేదీలే, 1970 ముందువి ఎప్పుడూ తగల్లేదు. పుట్టినతేదీలకి దీన్ని ఎవరూ వాడొద్దు.

విశాఖ టెస్టర్ | మధ్యాహ్నం 2:11

మార్చి 3, జులై 7. రెండిటిలోనూ రోజూ నెలా ఒకటే అంకె. అటు తిప్పి చదివినా ఇటు తిప్పి చదివినా అవే. అందుకే సరిగ్గా కనపడ్డాయేమో. ఆ 312 వరుసలు ఎక్కడి నుంచి వచ్చాయి? వాటిలో రోజు 12 దాటినవి ఉన్నాయా? 1970-01-01 ఎన్ని?

కృష్ణలంక కుర్రాడు | మధ్యాహ్నం 2:48

ఒళ్లు చల్లబడింది. రోజు 12 దాటినది ఒక్కటీ లేదు. 1970-01-01 మాత్రం 187 ఉన్నాయి.

అవి పాత రిజిస్టర్ నుంచి వచ్చినవి. కౌంటర్‌లో అమ్మాయి ఎక్సెల్‌లో ఎక్కించింది, నేను సీఎస్‌వీ చేసి పీహెచ్‌పీతో లోడ్ చేశాను. అందులో తేదీలు 25/02/1975 ఇలా ఉంటాయి. మాటని తేదీగా చదివే స్ట్ర్-టు-టైమ్ ఫంక్షన్ వాడాను. వాళ్లలో మళ్లీ ఆస్పత్రికి వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి ఎవరూ చూడలేదు.

గోదారి గట్టు | మధ్యాహ్నం 3:05

ఇది నాకు బాగా తెలిసిన చోటు. స్ట్ర్-టు-టైమ్ వేరుచేసే గుర్తుని బట్టి అర్థం మార్చుకుంటుంది. అడ్డగీత ఉంటే అమెరికా పద్ధతి, ముందు నెల తర్వాత రోజు. హైఫనో చుక్కో ఉంటే ముందు రోజు. కాబట్టి 03/02/1975 మార్చి 2 అయిపోయింది. 25/02/1975కి 25వ నెల లేదు కాబట్టి ఫాల్స్ ఇచ్చింది. ఆ ఫాల్స్‌ని డేట్ ఫంక్షన్‌కి ఇస్తే సున్నాగా తీసుకుని 1970-01-01 రాసింది. 1970 పడ్డవే నయం, తెలుస్తుంది. మిగతా 125 చూడ్డానికి బుద్ధిగా ఉన్నాయి, కానీ రోజూ నెలా ఒకటే అయినవి తప్ప అన్నీ తారుమారే.

ఆ 312ని టేబుల్లో సవరించడానికి ప్రయత్నించకండి. అసలు ఎక్సెల్ ఉంటే మళ్లీ లోడ్ చేయండి. ఈసారి మనం చెప్పిన వరసలోనే తేదీ చదివే క్రియేట్-ఫ్రమ్-ఫార్మాట్ వాడండి, చిన్న డి, చిన్న ఎమ్, పెద్ద వై, మధ్యలో అడ్డగీతలు. ముందు ఆశ్చర్యార్థకం పెట్టడం మర్చిపోవద్దు. లేకపోతే గంటలూ నిమిషాలూ ఇప్పటి టైమువి వచ్చి కూర్చుంటాయి. ఇంకో జాగ్రత్త: 31/02 ఇచ్చినా అది తిరగ్గొట్టదు, మార్చిలోకి జరిపేస్తుంది. చదివాక అదే ఫార్మాట్‌లో మళ్లీ రాసి, వచ్చిన మాటతో పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే ఆ వరుసని పక్కన పెట్టి మనిషి చూడాలి.

బెంగళూరు తెలుగోడు | సాయంత్రం 4:30

పైథాన్ వాళ్లు చదువుతుంటే వాళ్లకోసం ఒక్క మాట. పాత పైట్జెడ్ లైబ్రరీలో ఏషియా/కోల్‌కతా తీసుకుని నేరుగా టీజెడ్‌ఇన్ఫోలో పెడితే 5:30 రాదు, 5:53 వస్తుంది. మా టీమ్‌లో రిపోర్టులన్నీ 23 నిమిషాలు తేడా వచ్చాయి, వారం రోజులు నెట్‌వర్క్ లేటు అనుకుని అటు వెతికాం. ఆ 5:53 ఎక్కడిదంటే, దేశమంతటికీ ఒకే టైము రాకముందు కోల్‌కతా నెత్తిన సూర్యుడిని బట్టి పెట్టుకున్న స్థానిక కాలం. టైమ్ జోన్ల పట్టికలో ఆ ఊరికి మొదటి వరుస అదే, లైబ్రరీ దాన్ని ఎత్తి ఇచ్చింది. లోకలైజ్ అనే మెథడ్ ద్వారా పెట్టాలి. పైథాన్ 3.9 నుంచి జోన్‌ఇన్ఫో అనే లైబ్రరీ దాని లోపలే ఉంది, దానికి మారితే ఈ బాధే లేదు. యూటీసీ-నౌ కూడా మానెయ్యండి, జోన్ లేని టైము ఇస్తుంది, 3.12లో వద్దని చెప్పేశారు.

ప్లేనో నుంచి | సాయంత్రం 6:10

ఆ 05:00 ఒక్కటీ మా వైపు నుంచి అయ్యుంటుంది, ప్లేనో డాలస్ పక్కనే. డాలస్‌లో వేసవి టైములో (అప్పుడు గడియారాలు గంట ముందుకి జరుపుతారు) అర్ధరాత్రి అంటే యూటీసీ ఉదయం 5. అమ్మకో నాన్నకో ఇక్కడి నుంచి కొడుకో కూతురో రిజిస్టర్ చేసి ఉంటారు. తేదీ మారలేదు కాబట్టి అది సరైనదే. 14:00 అంటే యూటీసీ కంటే పది గంటలు ముందున్న ఊరు, సిడ్నీనో మెల్‌బోర్నో. ఆ రెండిటికీ ఐదున్నర కలిపితే 19:30 అవుతుంది, తేదీ తప్పుగానే ఉండిపోతుంది.

17:30 మాత్రం అర్థం కావట్లేదు. ఆరున్నర గంటల తేడా ఉన్నది మయన్మార్. అక్కడి నుంచి ఏడుగురా?

కృష్ణలంక కుర్రాడు | రాత్రి 8:25

14:00 ఇద్దరూ భార్యాభర్తలు. ఫోన్ చేశాను, వాళ్లబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడట, అక్కడి నుంచే నింపాడు. ప్లేనో అన్నగారి లెక్క అక్షరాలా సరిపోయింది.

17:30 ఏడుగురూ మాత్రం ఈ ఊరివాళ్లే. ఏడూ మా కౌంటర్ కంప్యూటర్ నుంచే, వేర్వేరు రోజుల్లో ఎక్కాయి. ముందూ వెనకా ఎక్కినవాళ్లకి 18:30 పడింది, వీళ్లకి 17:30. అందరూ ముసలివాళ్లు. 1943లో ఇద్దరు, 1944లో నలుగురు, 1945 మార్చిలో ఒకరు. ఒకాయన కార్డులో 10-03-1944, మా దగ్గర 1944-03-09 17:30. కన్వర్ట్-టీజెడ్ వదిలేసి నేనే ఐదున్నర గంటలు, అంటే 19,800 సెకన్లు కలిపినా 9వ తేదీ 23:00 దగ్గరే ఆగిపోయింది. ఈ ఒక్క గంట ఎక్కడిది?

గుంటూరు మాస్టారు | రాత్రి 9:15

బాబూ, సంవత్సరాలు చెప్పావు కాబట్టి దొరికింది. నేను ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని, కోడింగ్ మా మనవడి దగ్గర నేర్చుకుంటున్నాను. కానీ ఆ గంట సంగతి తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంలో గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు. 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా మన టైము యూటీసీ కంటే ఆరున్నర గంటలు ముందు నడిచింది. అంతకుముందు 1941 అక్టోబర్ నుంచి 1942 మే 15 దాకా కూడా ఒక విడత ఉంది. మిగతా కాలమంతా, 1906 జనవరి 1 నుంచీ, ఐదున్నరే. మన కాకినాడకి దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖ మీది టైము అది.

ఇవన్నీ టైమ్ జోన్ల పట్టికలో ఒక్కొక్క వరుసగా రాసి ఉన్నాయి. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ఆయన మొదలుపెట్టిన పట్టిక, చాలా ఏళ్లుగా పాల్ ఎగర్ట్ చూసుకుంటున్నారు. మీ ఫోన్లూ సర్వర్లూ బ్రౌజర్లూ దాదాపు అన్నీ దాన్నే చదువుతాయి. మీ బ్రౌజర్ ఆ పెద్దాయన తేదీకి 1944 నాటి అర్ధరాత్రి ఎప్పుడని చూసింది. ఆరున్నర తీసేస్తే ముందురోజు 17:30. బ్రౌజర్ చరిత్రని గౌరవించింది. మనం చేత్తో కలిపిన ఐదున్నర గౌరవించలేదు. ఎవరో ఎనభై ఏళ్ల నాటి ఆ గంటని ఓపికగా పట్టికలో రాసిపెట్టారు కాబట్టి మీ ఏడుగురి తేదీలూ వెనక్కి తేగలుగుతాం. నాకు అది తలుచుకుంటే చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఓరుగల్లు అక్క | రాత్రి 9:40

మాస్టారూ, నమస్కారం. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, 1944 నాకు ఎప్పుడూ తగల్లేదు.

తమ్ముడూ, అంకెలు చేత్తో కలపడం మొత్తం మానెయ్. పీహెచ్‌పీలో ఒక్కో వరుసనీ యూటీసీ అని చెప్పి డేట్‌టైమ్-ఇమ్మ్యూటబుల్‌గా చదువు. సెట్-టైమ్‌జోన్‌తో ఏషియా/కోల్‌కతాకి మార్చు. ప్లస్ 5:30 అని కాదు, ఊరి పేరే ఇవ్వాలి, పేరు ఇస్తేనే పట్టిక తెరుస్తుంది. మార్చాక టైము సరిగ్గా 00:00 వచ్చిందా లేదా చూడు. 18:30వీ, 17:30వీ అన్నీ 00:00కి వచ్చి తీరాలి. రానివి మూడే మిగులుతాయి, మెల్‌బోర్న్ రెండు, డాలస్ ఒకటి. వాటిని చేత్తో దిద్దు. ఐఎస్‌టీ అనే మూడక్షరాలు ఎక్కడా వాడకు. ఐర్లండ్ వాళ్లకీ ఇజ్రాయెల్ వాళ్లకీ కూడా ఐఎస్‌టీ ఉంది.

ప్లేనో నుంచి | 4 నవంబర్, ఉదయం 7:50

దారం మళ్లిస్తున్నాననుకోకండి, ఆస్పత్రి పేజీ కాబట్టి చెప్పాలనిపించింది. వీడియో అపాయింట్‌మెంట్లు పెట్టే ఆలోచన ఉంటే, పుట్టినతేదీకి చెప్పిన సలహా దానికి సరిపోదు.

మా అమ్మ గుంటూరులో ఉంటుంది. డాక్టర్‌తో వీడియో కాల్ ప్రతి ఆదివారం రాత్రి 8కి. నేనూ ఇక్కడి నుంచి కలుస్తాను. అక్టోబర్ దాకా నాకది ఉదయం 9:30. మొన్న 2వ తేదీ ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరిపారు. అదే కాల్ 8:30కి వచ్చింది. మేం వాడే యాప్ మాత్రం బుక్ చేసిన రోజున ఉన్న పదిన్నర గంటల తేడాని పట్టుకుని 9:30 అనే చూపించింది. నేను వెళ్లేసరికి డాక్టర్ గారు వెళ్లిపోయారు, అమ్మ ఒక్కతే ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది.

అపాయింట్‌మెంట్ దాచేటప్పుడు మూడూ దాచాలి: తేదీ, గోడ గడియారం టైము, ఊరి జోన్ పేరు. యూటీసీ లెక్క చూపించే రోజున చేయాలి. రూల్స్ మధ్యలో మారతాయి. మెక్సికో 2022 అక్టోబర్‌లో వేసవి టైము దాదాపు దేశమంతటా ఎత్తేసింది. అంతకుముందే 2023 వేసవి మీటింగుల్ని యూటీసీలోకి మార్చి దాచుకున్నవాళ్లకి అవన్నీ గంట పక్కకి పోయాయి. జరిగిపోయిన వాటికి, అంటే డబ్బు కట్టిన టైము, లాగిన్ అయిన టైము, వీటికి యూటీసీ చక్కగా సరిపోతుంది. జరగబోయేవాటికి సరిపోదు. ఇంకోటి, అమెరికాలో ఆ మార్పు రోజుల్లో కొన్ని టైములు అసలు ఉండవు. ఈ ఏడాది మార్చి 9న తెల్లవారుజామున 2:30 లేదు. నవంబర్ 2న 1:30 రెండుసార్లు వచ్చింది.

బెంగళూరు తెలుగోడు | ఉదయం 9:20

తేదీల కోసం మూమెంట్ అనే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడమని ఎవరూ రాయలేదు కాబట్టి సంతోషం. 2020 సెప్టెంబర్‌లో ఆ లైబ్రరీ వాళ్లే కొత్త పనులకి వద్దని చెప్పారు. జావాస్క్రిప్ట్‌లోకి డేట్ బదులు వాడుకోవడానికి టెంపొరల్ వస్తోంది, అందులో ప్లెయిన్-డేట్ ఉంది. అక్క చెప్పిన మూడు అంకెలే, జోన్ లేదు, గంటలు లేవు. నెలలు ఒకటితోనే మొదలు. క్షణానికి ఇన్‌స్టంట్, ప్లేనో అన్న చెప్పిన దానికి జోన్డ్-డేట్‌టైమ్. ఫైర్‌ఫాక్స్ 139లో, మే నెలలో వచ్చింది. అన్ని బ్రౌజర్లలోకీ వచ్చేదాకా పాలీఫిల్ (బ్రౌజర్‌లో లేనిదాన్ని తెచ్చిపెట్టే కోడ్) పెట్టుకోవాలి.

1995లో జావాస్క్రిప్ట్ రాసినప్పుడు డేట్‌ని జావా నుంచి ఎత్తుకొచ్చారు. జావా వాళ్లు తమ డేట్‌లో చాలా మెథడ్లు 1.1లోనే పక్కన పెట్టారు, 2014లో లోకల్‌డేట్ తెచ్చుకున్నారు. మనం ఇన్నేళ్లు మోశాం.

కృష్ణలంక కుర్రాడు | 4 నవంబర్, ఉదయం 11:15

చీటీ తెలుగులో వేయమని ఆస్పత్రివాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. నెలల పేర్లు నేనే ఒక అర్రేలో రాసుకోవాలా?

ఓరుగల్లు అక్క | ఉదయం 11:40

అక్కర్లేదు. జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న ఇంటల్-డేట్‌టైమ్‌ఫార్మాట్‌కి తెలుగు లొకేల్ (భాష గుర్తు) ఇస్తే నెలలూ వారాలూ తెలుగులోనే వస్తాయి. తెలుగు అంకెలు కూడా కావాలంటే నంబరింగ్ సిస్టమ్ తెలు అని ఇవ్వాలి, ౧౫ అని వస్తుంది. చీటీకి మాత్రం మామూలు అంకెలే ఉంచు, కార్డుతో పోల్చుకునేది వాటితోనే. నెల పేరు అక్షరాల్లో వేస్తే రోజూ నెలా తారుమారయ్యే భయం చదివేవాళ్లకి పోతుంది.

ఫార్మాట్ చేసి వచ్చిన మాటని మళ్లీ కోడ్‌లో చదవకు. అది మనుషుల కోసం. 2023 మొదట్లో ఏఎమ్, పీఎమ్ ముందున్న ఖాళీ ఒక సన్నని వేరే ఖాళీ అక్షరంగా మారింది. కంటికి తేడా లేదు. ఆ మాటని ముక్కలు చేసి చదువుకునే కోడ్ మాత్రం చాలాచోట్ల ఆగిపోయింది.

కృష్ణలంక కుర్రాడు | 6 నవంబర్, సాయంత్రం 5:30

నిన్న పౌర్ణమి సెలవు, ఆస్పత్రిలో రద్దీ లేదు, అక్కడే కూర్చుని పూర్తి చేశాను. 2,147 వరుసలు పట్టిక ప్రకారం మార్చాక అన్నీ 00:00కి వచ్చాయి, ఏడుగురివి కూడా. మూడు చేత్తో దిద్దాను. 312 ఎక్సెల్ నుంచి మళ్లీ లోడ్ చేశాను. మళ్లీ రాసి పోల్చినప్పుడు అందులో నాలుగు సరిపోలేదు. ఒకటి 31/06. మిగతా మూడింట్లో సంవత్సరం రెండంకెలే ఉంది. ఆ నలుగురికీ ఫోన్ చేసి కార్డులు చూసి రాశాం. పాత కాలమ్ పేరు మార్చి అలాగే ఉంచాను అక్కా.

పేజీలో ఇప్పుడు మామూలు ఇన్‌పుట్ టైప్ డేట్. లాప్‌టాప్ జోన్ డాలస్‌కీ, మెల్‌బోర్న్‌కీ, టోక్యోకీ మార్చి, ప్రతిచోటా 10-03-1944, 15-08-1961 ఎక్కించి చూశాను. మూడు చోట్లా అవే వచ్చాయి. టెస్టర్ గారు చెప్పిన గ్రూప్ లెక్క ఇప్పుడు రోజూ రాత్రి దానంతట అదే నడుస్తుంది.

పెద్దావిడకి కొత్త చీటీ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. "15 ఆగస్టు 1961" అని చదువుకుని, మడిచి ఆధార్ కార్డు కవర్‌లోనే పెట్టుకున్నారు. క్లెయిమ్ మళ్లీ వేశాం.

విశాఖ టెస్టర్ | సాయంత్రం 5:48

ఆ టెస్ట్‌లో 29-02 కూడా ఒకటి చేర్చండి. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ల వయసు మామూలు సంవత్సరాల్లో ఎలా లెక్కేస్తున్నారో కూడా చూడండి.

కృష్ణలంక కుర్రాడు | సాయంత్రం 5:55

ఇద్దరున్నారు. ఇప్పుడే తెరుస్తున్నాను.